విట్బీ ఒక్కటే చూడు, అమ్మలూ

అమ్మలూ, మొదటిసారి కారవాన్ అద్దెకు తీసుకుని విట్బీ వెళ్తున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. అల్లుడుగారితో ఒక్క మాట చెప్పు: థర్స్క్ వైపు నుంచి వస్తే ఫోను సట్టన్ బ్యాంక్ మీదుగా దగ్గరదారి చూపించవచ్చు. ఎక్కొద్దు. నాలుగడుగులకి అడుగు ఎత్తు పెరిగే ఆ కొండ మీదికి కారవాన్లను రానివ్వరు. మామూలు రోడ్ల మీద 50 మైళ్లు దాటకండి, వెనకవాళ్లు ఎంత విసుక్కున్నా సరే.

ఒక్కరోజులో విట్బీ, రాబిన్ హుడ్స్ బే, స్కార్‌బరో మూడూ చుట్టేస్తామని చీటీ రాసుకున్నావట. వద్దమ్మా. మేమూ ఒకప్పుడు అలాగే పరిగెత్తాం. ఇంటికొచ్చాక ఫొటోల్లో ఏ రేవు ఏ ఊరిదో తేలక మీ అత్తయ్యకీ నాకూ పోట్లాట. కారవాన్‌ని సైట్‌లోనే వదిలేసి బస్సులో ఊళ్లోకి వెళ్లండి. నేను దాన్ని తగిలించుకునే ఒక సందులో దూరి, వెనక్కి తీయడం రాక, జనమంతా నిలబడి చూస్తుంటే చెమటలు కక్కాను.

ఎస్క్ నది ఊరిని రెండుగా చీల్చి సముద్రంలో కలుస్తుంది. దాని మీది వంతెన పడవలొస్తే పక్కకి తిరుగుతుంది. అప్పుడు జనమూ కార్లూ ఆగాల్సిందే. మీరూ తీరిగ్గా ఆగండి.

తూర్పు ఒడ్డున కొండ మీదికి 199 మెట్లు. బాబు చేత లెక్కపెట్టించు, ఒకటో రెండో తేడా రాకపోతే అడుగు. మధ్యమధ్య వెడల్పాటి చదునులు, బల్లలు కనిపిస్తాయి. పైనున్న చర్చికి శవపేటిక మోసేవాళ్లు దాన్ని దించి ఊపిరి పీల్చుకోవడానికట. నాకు మన దింపుడు కళ్లం గుర్తొచ్చింది.

ఆ పైన, పైకప్పు లేని మఠం. హిల్డ్ అనే ఆవిడ 657లో అక్కడ మఠం పెట్టింది. ఇప్పుడున్న గోడలు చాలా తర్వాతివి. 664లో ఈస్టర్ ఏ రోజు చేసుకోవాలన్న తగవు అక్కడే తీర్చారు. రాజుగారి లెక్క ఒకటి, రాణిగారిది ఇంకొకటి. ఆయన పండగ భోజనం చేస్తుంటే ఆవిడ ఇంకా ఉపవాసం! మన పంచాంగాల గొడవ చూసిన వాళ్లకి ఇందులో వింతేం లేదులే. చివరికి రాజు రోమ్ లెక్కకే సరేనన్నాడు.

డ్రాక్యులా దుకాణాల ముందు ఎక్కువసేపు ఆగకు. గ్రేప్ లేన్‌లో కెప్టెన్ కుక్ పని నేర్చుకుంటూ ఉన్న ఇల్లు మాత్రం చూడు. ఆయన ప్రపంచం చుట్టొచ్చిన ఎండెవర్ ఈ ఊళ్లో బొగ్గు మోయడానికి కట్టిన ఓడే.

మెట్ల దగ్గరే, హెన్రియెట్టా వీధిలో, ఫార్చ్యూన్స్ వాళ్లు 1872 నుంచీ హెర్రింగ్ చేపల్ని కట్టె పొగలో ఆరబెట్టి కిప్పర్లు చేస్తున్నారు. భీమిలి పిల్లవి, వాసన పట్టుకుని నువ్వే వెళ్తావు. కొను గానీ కారవాన్ లోపల వేయించకు, దుప్పట్లు మూడు రోజులు కంపు కొడతాయి. చిప్స్ తినేటప్పుడు గోడకి వీపానించి కూర్చోండి. సముద్రకాకులు వెనక నుంచే వస్తాయి, మీ అత్తయ్య చేతిలో చేపముక్క అలాగే పోయింది.

సాయంత్రం పిల్లలంతా రేవుగోడ మీంచి దారానికి బేకన్ ముక్క కట్టి పీతలు పడుతుంటారు. బాబు కూడా అడుగుతాడు, కాదనకు. బకెట్‌లో సముద్రపు నీళ్లే పోయించు, కాసేపటికి పీతల్ని మళ్లీ వదిలేయమను. ఒక పాత తువ్వాలు, పొడిబట్టలు ఒక జత సంచీలో పడేసుకో.