నీ ఫోన్‌లో ఊరంతా ఉంది

బాబూ, అమ్మలూ! కకిరిగుమ్మలో రైలెక్కి చదువుకో పనికో రాయగడ, కొరాపుట్, విశాఖ పోతున్న మీ అందరి చేతుల్లోనూ ఫోన్ ఉంది. వద్దని నేననను. పరీక్ష ఫలితాలైనా, స్కాలర్‌షిప్పైనా, ఇంటికి పంపే డబ్బైనా ఇప్పుడు అందులోంచే కదా! ఒక్క సంగతి మాత్రం మరవకండి. ఆ ఫోన్‌లో ఉన్నది మీ సొంత విషయం ఒక్కటే కాదు. అమ్మ నంబరు, మేనమామ నంబరు, స్నేహితురాలి ఫొటో, చెల్లి ఆధార్ కార్డు అన్నీ మిమ్మల్ని నమ్మి అక్కడున్నాయి. మన కొట్లలో పద్దు పుస్తకం ఉంటుంది. ఎవరి బాకీ ఎంతో పక్కవాడు అడిగితే చూపిస్తామా? ఫోన్ విషయంలోనూ అదే మర్యాద పాటించండి.

2020 చివర్లో తెలంగాణలో ఏం జరిగిందో తెలుసుకోండి. కరోనాతో చేతిలో డబ్బాడని వాళ్లు, నిమిషాల్లో అప్పిస్తామన్న యాప్‌లను నమ్మారు. కాంటాక్టులు, ఫొటోలు చూస్తామంటే సరేనని నొక్కేశారు. వాయిదా తప్పగానే ఆ నంబర్లన్నిటికీ ఫోన్లు, 'వీడు మోసగాడు' అని మెసేజీలు వెళ్లాయి. ఆ అవమానం తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులు, ఫైళ్లు, కాల్ వివరాల జోలికి పోకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు కట్టడి చేసింది. కాబట్టి అప్పిస్తానంటూ మీ కాంటాక్టులు అడిగే యాప్ ఏదైనా సరే, దాన్ని వెంటనే తీసేయండి.

ఉద్యోగాల మాటా అంతే. కంబోడియాలో డేటా ఎంట్రీ పని అని చెప్పి ఎందరినో పంపి, అక్కడ వాళ్లచేత ఆన్‌లైన్ మోసాలు చేయించిన సంగతి 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. వాట్సాప్‌లో పరిచయమైన ఏజెంటుకు పాస్‌పోర్టు, ఆధార్ ఫొటోలు పంపకండి. ముందు ఇంట్లో చెప్పండి, కంపెనీ ఏదో విచారించండి.

ఫొటోల విషయంలో, అమ్మలూ, మరీ జాగ్రత్త. ఒకసారి పంపిన ఫొటో మళ్లీ మన చేతికి రాదు. ప్రేమ ఉన్నవాడు బట్టల్లేని ఫొటో అడిగి ఇబ్బంది పెట్టడు. ఎవరైనా ఫొటో చూపి బెదిరిస్తే డబ్బివ్వకండి. ఇస్తే మళ్లీ అడుగుతారు. ఆ మెసేజీలు చెరిపేయకండి, అవే సాక్ష్యం. పద్దెనిమిదేళ్లు నిండకముందు తీసిన అలాంటి ఫొటో అయితే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఆ ఫొటో ఎవరికీ పంపనక్కర్లేదు. దాని గుర్తు మాత్రం మీ ఫోన్‌లోనే తయారై, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ లాంటి చోట్ల ఆ ఫొటోను పట్టి తీసేయడానికి పనికొస్తుంది.

ఇవాళే ఒక పని చేయండి. వాట్సాప్ సెట్టింగుల్లోకి వెళ్లి రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. డబ్బు పుచ్చుకోవడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు. ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే వాళ్లు మీ డబ్బు లాగుతున్నట్టే.

ఇన్ని చెప్పినా పొరపాటు జరగొచ్చు. చదువుకున్నవాళ్లూ, అధికారులూ మోసపోతున్న రోజులివి. అప్పుడు సిగ్గుపడి దాచుకోవద్దు. మీరు దాచిన ప్రతి గంటా మోసగాడికి లాభం. డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. చిన్నపిల్లలకు కష్టమొస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్ల వచ్చి చెప్పిన రోజున తిట్టకండి, ఫోన్ లాక్కోకండి. ఈసారి తిడితే మరోసారి మీకు చెప్పదు. ఇంట్లో చెప్పడానికి భయమేస్తే, పిల్లలూ, ఎంత రాత్రైనా నా దగ్గరికి రండి. ఇద్దరం కలిసి ఫోన్ చేద్దాం, పోలీసు స్టేషనుకు వెళ్లాలన్నా మీ పక్కన నేనుంటాను.