మెదడులో తిరిగి చూసేది ఎవరు?

ఉమ్మడి వరంగల్ నుంచి 2016లో విడివడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. మహబూబాబాద్‌లో 2022లో, మిగతా రెండుచోట్ల 2023లో మొదలయ్యాయి. అక్కడి విద్యార్థి మెదడును తెలుసుకోవడానికి దానమిచ్చిన దేహం, పుస్తకంలోని బొమ్మ మాత్రమే దిక్కు కానక్కరలేదు. రెండు కటకాలున్న అట్టపెట్టెలో ఫోను పెట్టి కళ్లకు ఆనించుకుంటే, ఎంఆర్ఐ స్కాన్ల నుంచి తయారైన మెదడు చుట్టూ నిలుస్తుంది. తల తిప్పినకొద్దీ కొత్త మడతలు కనిపిస్తాయి. ఇంత దగ్గరగా చూశాక, మనిషంటే ఇంతేనా అన్న ప్రశ్న రాక మానదు. ఆ ప్రశ్న తరగతి గదిలోనే ఆగదు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద యముడి పేర ఒక లింగం, ముక్తేశ్వరుడి పేర ఒక లింగం ఉన్నాయి. అక్కడ గోదావరిలో అస్థికలు కలిపే కుటుంబానికి, పోయిందేమిటి, మిగిలిందేమిటి అన్నది పండితుల కాలక్షేపం కాదు. ఆ ప్రశ్నకు ఈ తెర జవాబు చెప్పేసిందని కొందరంటారు. చెప్పలేకపోయింది గనుక ఆత్మ రుజువైందని ఇంకొందరంటారు. రెండూ తొందరపాటేనని నా వాదన.

ముందు, కనిపిస్తున్నదేమిటో తేల్చుకోవాలి. ఎంఆర్ఐ యంత్రం ఆలోచనను ఫొటో తీయదు. ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్ ఇచ్చే సంకేతాన్ని కొలుస్తుంది. నాడీతంతువుల కట్టలు ఎర్రగా, పచ్చగా, నీలంగా మెరుస్తాయంటే, అవి ఏ దిక్కుకు సాగాయో తెలియడానికి కంప్యూటరు పూసిన రంగులవి. దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లున్న మెదడు ఆ స్కానులో మిల్లీమీటరు గళ్లుగా మారుతుంది. ఒక్కో గడిలో వేలకు వేల న్యూరాన్లు కలిసిపోతాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2019లో వెలువరించిన భారతీయ మెదడు అట్లాస్ 100 మంది స్కాన్ల నుంచి తీసిన సగటు. పరాయి దేశాల కొలతలతో మన మెదళ్లను తూచే పొరపాటును తప్పించిన విలువైన పని అది. అయినా ఆ సగటు మెదడుతో పుట్టినవారు, దుఃఖపడ్డవారు ఎవరూ లేరు. అన్నిటికంటే నన్ను ఆపేసే సంగతి మరొకటుంది. ఫోను తెరమీద ఉన్నవి రెండు చదును బొమ్మలు. లోతు అక్కడ లేదు. రెండు కళ్లకు అందిన కొద్దిపాటి తేడాను పట్టి లోతును అల్లుకునేది చూసేవాడి మెదడే. మెదడులో తిరుగుతున్నామన్న అనుభవాన్ని ఏ మెదడు కల్పిస్తోందో, అది ఆ దృశ్యంలో ఎక్కడా లేదు.

జర్మన్ తాత్త్వికుడు లైబ్నిజ్ 1714లోనే ఇటువంటిది ఊహించాడు. ఆలోచించే యంత్రమొకటి ఉందనుకుని, దాన్ని మనిషి పట్టేంత పెద్దది చేసి, పిండిమరలోకి అడుగుపెట్టినట్టు లోపలికి వెళితే, ఒకదాన్నొకటి నెట్టుకునే భాగాలే కనిపిస్తాయి తప్ప తలపు కనిపించదన్నాడు. మూడు శతాబ్దాలకు ఆ మర మన ఫోనులోకి వచ్చింది. ఆయన చెప్పినట్టే, తలపు అందులోనూ కనబడలేదు. దీనికి గట్టి ఆక్షేపణ ఉంది. పక్షవాతం మాటను లాగేసుకుంటుంది, మతిమరుపు వ్యాధి కన్నబిడ్డలనే కొత్తవాళ్లను చేస్తుంది. మాంట్రియల్ శస్త్రవైద్యుడు వైల్డర్ పెన్‌ఫీల్డ్ గత శతాబ్దంలో మూర్ఛ రోగుల మెదడును సన్నటి విద్యుత్తుతో తాకితే చెయ్యి కదిలింది, కొందరిలో పాత జ్ఞాపకం లేచింది. మరి మనిషి మెదడే కదా? ఈ సాక్ష్యాన్ని దాటవేసే ఆధ్యాత్మికతను నేను ఒప్పుకోను. మెదడు లేకుండా మన జ్ఞాపకం, మాట, స్వభావం నిలిచిన దాఖలా లేదు. కానీ పెన్‌ఫీల్డ్ రోగులు మెలకువగా ఉన్నారన్నది మరవకూడదు. ఏమనిపించిందో వాళ్లు నోరు తెరిచి చెప్పబట్టే ఏ చోటు దేనికో తెలిసింది. మెదడు పటాన్ని గీయడానికే లోపలి నుంచి ఒకరి మాట కావలసి వచ్చింది. ఆ మాటను పక్కనపెట్టి పటమే మనిషి అనడం, పటానికున్న ఆధారాన్నే తీసేయడం. అటువైపు, కనిపించలేదు గనుక ఆత్మ ఉన్నట్టే అనడమూ చెల్లదు. ఒకప్పుడు కృష్ణాతీర విహారాల్లో ఉన్న బౌద్ధులైతే ఇదే ఖాళీని చూపి, వెతికితే దొరకని ‘నేను’ అసలే లేదనేవారు. దృశ్యం ఒకటే అయినా తీర్పులు రెండు వస్తున్నాయంటే, తీర్పు దృశ్యంలోంచి రావడం లేదు.

అలాగైతే ఈ పరికరం విశ్వాసికి దేనికి? చాలా దానికి. ఫిట్స్ వస్తే గాలి సోకిందని, ఎవరో బాణామతి చేశారని అనుమానించే ఇళ్లు తెలంగాణ పల్లెల్లో ఇంకా ఉన్నాయి. ఆ అనుమానం అమాయకుల ప్రాణాలు తీసింది కూడా. మూర్ఛ మెదడులోని విద్యుత్తు తప్పిన నడక అని ఆ ఇంటివాళ్ల కళ్లకు కట్టినట్టు చూపగలిగితే, పొరుగింటి ముసలమ్మ మీది నింద తొలగుతుంది. అది ధర్మకార్యమే. దేహాన్ని చూడడం భక్తికి చేటని భయపడేవారు జనగామ జిల్లా పాలకుర్తి వైపు చూడాలి. ఆ ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచిన సోమనాథుడి వీరశైవం లింగాన్ని ఒంటిమీదే ధరించమంది, దేహాన్నే పూజాస్థలం చేసింది. అయితే, మూర్ఛ ఉన్న చాలామందిలో ఎంఆర్ఐ మామూలుగానే ఉంటుంది. వ్యాధిని తేల్చడంలో పెద్ద ఆధారం కళ్లారా చూసినవారి మాటే. మానుకోట (మహబూబాబాద్) దగ్గరి తండా నుంచి కొడుకును తెచ్చిన తల్లిని డాక్టరు అడగాలి: కుదుపు ఏ చేతిలో మొదలైంది, చూపు ఎటు తిరిగింది, తేరుకున్నాక పిల్లవాడు ఏమన్నాడు? మెదడును తెరమీద చూపడానికి కళాశాల ఒక గంట కేటాయిస్తే, ఈ ప్రశ్నలు ఆమె భాషలో అడగడం, ఆమె చెప్పేది చివరిదాకా వినడం నేర్పడానికి మరో గంట కేటాయించాలి.