కన్నీరు సహనానికి విరుద్ధమా?



మాదాపూర్‌లో ఒక జుమా రోజు నమాజు ముగిశాక, మెడలో కంపెనీ కార్డుతో ఒక యువకుడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కర్నూలు నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. 2021 మే నెలలో కోవిడ్‌తో తండ్రి చనిపోయారు. జనాజాకు కూడా అందలేకపోయాడు. నాలుగో రోజునే లాప్‌టాప్ తెరిచాడు.

"మౌలానా సాబ్, ఇప్పటికీ రాత్రిళ్లు నిద్ర పట్టదు. పనిమీద మనసు నిలవదు. స్నేహితులు కౌన్సెలింగ్‌కు వెళ్లమంటున్నారు. అమ్మేమో, నమాజు చదివేవాడికి పిచ్చి డాక్టరు ఎందుకురా అంటోంది. వెళ్తే నా ఈమాన్‌లో లోపం ఉన్నట్లా?" అని అడిగాడు.

ఒకప్పుడైతే నేనూ "సబ్ర్ చెయ్యి బాబూ" అని భుజం తట్టి పంపేవాణ్ణి. అలా పంపాను కూడా, ఒకరిద్దరిని. అల్లాహ్ నన్ను క్షమించుగాక!

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ పసికందు ఇబ్రాహీమ్ చనిపోతున్నప్పుడు కన్నీరు కార్చారు. చూసిన సహాబీ ఆశ్చర్యపోతే, అది కారుణ్యమని చెప్పారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని కోసం దుఃఖించి కంటిచూపే పోగొట్టుకున్నారని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. ఆయన సహనంలో లోపముందని ఎవరనగలరు?

కొందరు మూడు రోజుల మాట ఎత్తుతారు. నిజమే, భర్తను కోల్పోయిన స్త్రీకి తప్ప, మూడు రోజులకు మించి సోగ్ పాటించరాదు. కాని అది అలంకరణ మానడం వంటి బాహ్య సంతాపానికి పెట్టిన హద్దు. గుండెకు గడువు ఎవరు పెట్టారు? హజ్రత్ ఖదీజా (రజి) మరణించిన ఎన్నో ఏళ్ల తర్వాత కూడా ప్రవక్త (స) మేకను కోసినప్పుడు ఆమె స్నేహితురాళ్లకు మాంసం పంపేవారు. ఆమె సోదరి హాలా గొంతు వినగానే ఆమే గుర్తుకు వచ్చి చలించిపోయారు.

ఇక చికిత్స సంగతి. రోగమొస్తే వైద్యం చేయించుకోమని ప్రవక్త (స) ఆదేశించారు. ఇంట్లో ఎవరైనా చనిపోతే హజ్రత్ ఆయిషా (రజి) బార్లీపిండితో తల్బీనా వండించి పెట్టేవారు, అది మనసుకు ఊరటనిస్తుందని. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు దేహంతోపాటు మనసుకూ చికిత్స ఉండాలని గ్రంథం రాశారు. కారణం తెలిసిన దుఃఖం వేరు, తెలియనిది వేరు అన్నారు. బయటివారి మాటలు ఒక చికిత్స, తన ఆలోచనను తాను సరిదిద్దుకోవడం మరొకటి అన్నారు. నేటి కౌన్సెలర్ గదిలో జరిగేది దాదాపు ఇదే. (మదరసాలో చదివిన రోజుల్లో ఆయన పేరే నేను వినలేదు!)

ఆరు నెలలు దాటినా బతుకును సాగనివ్వని తీవ్ర దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో అమల్లోకి వచ్చిన తన రోగాల పట్టికలో చేర్చింది. అందరి దుఃఖమూ రోగం కాదు. చాలామందికి నమాజు, దుఆ, నలుగురి తోడు సరిపోతాయి. సరిపోనివారు వైద్యుని దగ్గరకు వెళ్లాలి, దుఆ మానకుండానే. ఖర్చుకు వెనకాడేవారికి ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యాలయం ఉంది. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వారు ఉచితంగా మాట్లాడతారు.

ఆ యువకుడితో వెళ్లమనే చెప్పాను. వాళ్లమ్మతో కూడా ఫోన్‌లో మాట్లాడాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నాకూ నిద్ర పట్టడం లేదు మౌలానా" అన్నారు.