నోరులేని దాని తరఫున

భారతంలో ఆదిపర్వాన సరమ అనే దేవశునకం, తప్పు చేయని తన బిడ్డను కొట్టించుకొని జనమేజయుని నిలదీస్తుంది. చివరకు ధర్మరాజు, వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గానికే రానంటాడు. ఈ రెండు కథలనూ మేము సాయంకాలపు తరగతిలో చదివిన రోజులలోనే చాట్స్‌వర్త్‌లోని మా వీధి అవ్వకు ఒక ధర్మసందేహం కలిగింది.

ఆమెకు వృద్ధాప్య భృతి తప్ప వేరే ఆధారం లేదు. ఆమె కుక్క ఏడాదికి రెండుసార్లు ఎదకు వచ్చేది. 63 రోజులకు మళ్ళీ పిల్లలు. ఇల్లిల్లూ తిరిగి పంచగా మిగిలినవి వీధిపాలు. జంతు సంరక్షణ సంఘంవారు బీద వృద్ధుల కుక్కలకు ఉచితంగా గర్భసంచి తీసివేస్తామన్నా ఆమె ఒప్పుకోలేదు.

"నోరులేని దాని కడుపు కోయించడానికి నేనెవతెను నాయనా? అదీ ధర్మానికా?"

మొదటి ప్రశ్నకు మేము తడబడ్డాము. 1860 నుండి నాటాలుకు ఓడలెక్కిన మా పెద్దలలో ఎందరో చదవలేని గిర్మిటు కాగితంపై వేలిముద్ర వేసినవారే. ఒకరి దేహంపై మరొకరి నిర్ణయమంటే మాకు నేటికీ జంకు. అయినా గేటు మూసి అన్నం పెట్టిన నాడే ఆ కుక్క బతుకును మనం నిర్ణయించాము గదా! బండ్ల కింద, పిచ్చికుక్క కాటుకు చచ్చే పిల్లలది సరమ బిడ్డ గతియే.

రెండవదానికి జవాబు సులభం. ఆమె పిల్లలను పంచినపుడు వెల అడిగిందా?

చివరకు అవ్వ ఒప్పుకొన్నది. సంతకానికి ముందు కాగితమంతా చదివి తెలుగులో చెప్పమన్నది. మేమే చదివాము.