దేవుడి ముందు మోటారు డోలు

ధర్మవరం, తాడిమర్రి, హిందూపురం చుట్టుపక్కలే కాదు, తెలుగునాట ఎన్నో గుళ్ళలో ఇప్పుడు గర్భగుడి ఎదురుగా ఒక ఇనుప చట్రం నిలబడి ఉంటోంది. దాంట్లో ఒక నగారా, ఒక జత తాళాలు, పైన ఒకటో రెండో గంటలు. కింద చిన్న మోటారు, దానికి బెల్టు. స్విచ్చి వేస్తే పుల్లలు లేచి నగారా మీద పడతాయి, తాళాలు కొట్టుకుంటాయి, గంటలు ఊగుతాయి. పూజారి ఒక చేత్తో స్విచ్చి వేసి మరో చేత్తో హారతి ఎత్తుతాడు. హారతి అయిపోగానే మళ్ళీ ఆ చెయ్యే వెళ్ళి మోత ఆపుతుంది. ఆ శబ్దం పెద్దది, తప్పులేనిది, రోజూ ఒకేలాంటిది. మరి అది ఎవరు చేసిన సేవ?

గుడి కమిటీలు చెప్పే సమాధానాన్ని కొట్టిపారేయలేం. సన్నాయి, డోలు నేర్చినవాళ్ళు పెళ్ళిళ్ళ సీజనులో తప్ప దొరకడం లేదు. చిన్న గుడికి వచ్చే ఆదాయంలో రెండు పూటలా మేళం పెట్టుకోవడం అసాధ్యం. ఒకప్పుడు మేళగాళ్ళకు మాన్యాలు ఉండేవి. భూమి ఆధారం పోయాక వాళ్ళ పిల్లలు వేరే పనుల్లోకి వెళ్ళిపోయారు. మోటారు వచ్చి వాద్యకారుడిని బయటికి తోసిందనడం సగం నిజమే. చాలాచోట్ల వాద్యకారుడు వెళ్ళిపోయాకే ఖాళీ చోటికి మోటారు వచ్చింది.

అయినా ప్రశ్న మిగిలే ఉంది. షోడశోపచారాల్లో ఏదీ దేవుడి అవసరం కోసం పుట్టింది కాదు. ఆయనకు ఆకలి లేదు, అయినా నైవేద్యం పెడతాం. ఆయనకు చీకటి లేదు, అయినా దీపం చూపిస్తాం. ఆకైనా పువ్వైనా నీళ్ళైనా భక్తితో ఇస్తే చాలని గీత చెప్పేదీ ఇందుకే. తీసుకునేవాడికి లోటు లేనప్పుడు, ఇవ్వడంలోని విలువంతా ఇచ్చేవాడి దగ్గరే ఉంటుంది. అలాంటి చోట ఇచ్చేవాడి బదులు యంత్రం ఇస్తే ఏం మిగులుతుంది? పూజ మొదలైందని ఊరికి తెలియజేయడమే గంట పనైతే మోటారు ఆ పని నిక్షేపంగా చేస్తుంది, మైకు ఇంకా బాగా చేస్తుంది. కానీ మేళం కూడా ఒక ఉపచారమైతే, దాన్ని సమర్పించే మనిషి అక్కడ ఉండాలి.

ఇదే మాటను మరో వైపు నుంచి చూపించే ఊరు ధర్మవరం మండలంలోనే ఉంది: నిమ్మలకుంట, తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును శుభ్రం చేసి, వెలుతురు పారేంత పలచగా గీకి, బొమ్మ గీసి, ఉలితో సన్నటి చిల్లులు కొట్టి, రంగులద్ది, నడుమ వెదురు బద్ద కడతారు. కొన్ని బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. తెల్లటి తెర వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలవుతాయి. పూర్వం అది ఆముదం దీపం. తరవాత పెట్రోమాక్సు వచ్చింది, ఆపైన కరెంటు బల్బు. బల్బు వెలుగు ఎక్కువ, చమురు పోసే పనిలేదు, గాలికి ఆరదు. ఒక్కటే తేడా. నూనె దీపం కదులుతుంది, దానితోపాటు తెర మీద రాముడి ఛాయా కదులుతుంది. బొమ్మ ఆగి ఉన్నప్పుడు కూడా ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. నిలకడైన వెలుగులో ఆ ఊపిరి ఉండదు. ఇది పాతదనం మీద మోజు కాదు, కంటికి తెలిసే తేడా.

కేరళలోని పాలక్కాడ్ ప్రాంతంలో తోల్పావకూత్తు అనే బొమ్మలాట ఉంది. భద్రకాళి గుళ్ళ ముందు కూత్తుమాడం అనే పొడవాటి మండపంలో, తెర వెనక 21 దీపాలు వరుసగా వెలిగించి కంబరామాయణం ఆడతారు. రామరావణ యుద్ధం జరిగే వేళ అమ్మవారు దారికాసురుడితో పోరులో ఉందట. ఆ యుద్ధం చూడలేకపోయిన ఆమె కోసం ఈ ఆట. అందుకే తెర ముందు ఒక్క మనిషి లేకపోయినా రాత్రంతా ఆడతారు. చూసేది అమ్మవారు. తెలుగు గుడిలోని మోటారు డోలుకు ఇది సరిగ్గా ఎదురు. అక్కడ చూసే మనుషులు లేకపోయినా ఆడేవాళ్ళున్నారు. ఇక్కడ వినేవాళ్ళున్నా వాయించేవాళ్ళు లేరు. ఈ రెండింటిలో పూజకు దగ్గర ఏదో తేల్చుకోవడానికి శాస్త్రపాండిత్యం అక్కర్లేదు.

ఏ దుకాణంలోనైనా అగ్గిపెట్టె దొరికే రోజుల్లో యజ్ఞాల్లో ఇంకా అరణి మథించడం వెనకా ఇదే ఉంది. 1975లో కేరళలోని పాంజాళ్‌లో నంబూద్రి బ్రాహ్మణులు 12 రోజుల అతిరాత్ర యాగం చేసినప్పుడు పరిశోధకుడు ఫ్రిట్స్ స్టాల్ బృందం దాన్ని ఫిలిం మీదికి ఎక్కించింది. కెమెరాలు, టేపురికార్డర్లు చుట్టూ తిరుగుతున్నా నిప్పు మాత్రం కట్టె మీద కట్టె రాపిడిలోంచే పుట్టింది. యూదుల తోరా కూడా అంతే. మూడు లక్షలకు పైగా అక్షరాలను లేఖకుడు తోలు మీద ఈక కలంతో చేత్తో రాస్తేనే ఆ చుట్ట ఆరాధనలో చదవడానికి పనికొస్తుంది. అచ్చు ప్రతి చదువుకోవడానికి ఎంత బాగున్నా ఆ పీఠం మీదికి రాదు. మన పెళ్ళిళ్ళలోనూ పసుపు దుకాణం నుంచి పొడిగానే వస్తుంది. అయినా ముత్తైదువలు రోకలికి పసుపుతాడు కట్టి రోట్లో నాలుగు పోట్లు వేస్తారు. ఆ నాలుగు పోట్లలో పసుపు నలగాల్సిన అవసరం లేదు. అక్కడ ఆ చేతులు పడాలి.

ఇంతకీ మన ధర్మం యంత్రాన్ని ఎన్నడూ ద్వేషించలేదు. మహర్నవమి నాడు అనంతపురం సీమలో ట్రాక్టరుకు, లేతు మిషనుకు, ఆర్టీసీ బస్సుకు, చివరికి కంప్యూటరుకు కూడా కుంకుమ బొట్లు పెట్టి గుమ్మడికాయ కొడతారు. పుట్టపర్తి దగ్గర ప్రశాంతిగ్రామంలో 1991లో మొదలైన సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో గుండెకు ఆపరేషన్లు ఉచితంగా చేస్తున్నారు. ఆ బల్ల మీద పడుకున్న మనిషికి కావలసింది కొత్త పరికరమే, పాతది కాదు. కాబట్టి గీయాల్సిన గీత పాతకూ కొత్తకూ మధ్య లేదు. ఆ పని వల్ల ఎవరికి ఏమి అందాలి అన్నదగ్గర ఉంది.

ఈ గీత గురించి చాలా కాలం కిందటే బెంగపడ్డవాడు చైనా తాత్వికుడు చువాంగ్ చు. ఆయన పేరుతో ఉన్న గ్రంథంలో ఒక ముసలి తోటమాలి బావిలోకి దిగి కుండతో నీళ్ళు మోసుకొచ్చి మళ్ళు తడుపుతుంటాడు. కన్ఫ్యూషియస్ శిష్యుడొకడు చూసి, ఏతం వేసుకుంటే తక్కువ శ్రమతో వంద మళ్ళు తడుస్తాయి కదా అంటాడు. ఏతం సంగతి తనకు తెలియక కాదని, యంత్రాన్ని వాడేవాడికి యంత్రంలాంటి మనసు ఏర్పడుతుందని ముసలాయన ఒప్పుకోడు. మనం పాతదనుకునే ఏతమే ఆయన కంటికి ప్రమాదకరమైన కొత్త యంత్రం! చిత్రావతి నది ఒడ్డున రైతులు ఏతాన్ని, కపిలను, మోటారును, బోరును వరసగా చూశారు. కపిల తోలేటప్పుడు ఎద్దుల అడుగుకు పాట కలిసేది, మోటారు వచ్చాక ఆ పాటలు పోయాయి. కపిలకు బావిలో నీళ్ళెంత ఉన్నాయో కంటికి కనిపించేది, బోరుకు కనిపించదు. అంతమాత్రాన మళ్ళీ కపిల తోలమని రైతుకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఎందుకంటే అక్కడ కావలసింది నీళ్ళు. చేనికి నీళ్ళు అందడమే ఫలితం, మోసిన భుజం కాదు. తోటమాలి తన భుజం మీద కుండ మోసుకున్నాడు గనుక ఆయన మాటకు విలువ. అదే మాట ఇంకొకరి భుజం మీద కుండ పెట్టి చెబితే క్రౌర్యం అవుతుంది.

తెలంగాణలో చింతకింది మల్లేశం చేసిన పని ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. పోచంపల్లి తరహా చీర నేతకు ముందు దారాన్ని ఆసు పోయాలంటే ఆయన తల్లి లక్ష్మి ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడించాల్సి వచ్చేది. భుజం పట్టేసేది. మల్లేశం ఏళ్ళ తరబడి కుస్తీపట్టి 1999లో ఆసు యంత్రం తయారుచేసి, తల్లి పేరే దానికి పెట్టాడు. 2017లో పద్మశ్రీ అందుకున్నాడు. ఆ యంత్రం తల్లి భుజాన్ని కాపాడింది, నేత మాత్రం చేతిలోనే ఉండిపోయింది. ఏది యంత్రానికి ఇవ్వాలో, ఏది చేతికి ఉంచాలో ఇంత ప్రేమగా తేల్చిన ఉదాహరణ తెలుగునాట మరొకటి వెతకడం కష్టం.

ధర్మవరం గుంత మగ్గం కూడా నిజానికి అచ్చంగా పాతది కాదు. నేతగాడు గుంతలో కాళ్ళు పెట్టి చెక్కలు తొక్కుతాడు, నాడె ఆడిస్తాడు. నెత్తి మీద మాత్రం జకార్డు ఉంటుంది. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 1804లో జోసెఫ్ మరీ జకార్డు పూర్తిచేసిన సాధనం అది. అట్టముక్కల చిల్లులే అంచు మీది హంసను, మామిడిపిందెను పలికిస్తాయి. మగ్గం కొత్తదాన్ని తనలో కలుపుకుంది, చేతిని వదులుకోలేదు. మరమగ్గం చేతిని వదిలేసింది. అందుకే 1985లో చేనేతకు కొన్ని రకాల వస్త్రాలు కేటాయిస్తూ చట్టం వచ్చింది. మొదట 22 రకాలు, తరవాత అవి 11కి తగ్గాయి. 1993లో సుప్రీంకోర్టు చట్టాన్ని సమర్థించింది. అయినా ధర్మవరం అంచులకు మరమగ్గాల నకళ్ళు ఆగలేదు. అప్పులు తీర్చలేక ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలూ ఆ ఊరి నుంచి వస్తూనే వచ్చాయి.

చేతినేతలో మనిషి ఉన్నాడని, పెళ్ళిపీటల మీద అలాంటి చీరే ఉండాలని కోరుకోవడం గొప్ప కోరికే. గుంతలో దినమంతా కూర్చునేవాడి మోకాళ్ళు, నడుము మీద నిలబడ్డ కోరిక కూడా. ముహూర్తం చీర కొనేటప్పుడు జరీ మెరుపు, బరువు, ధర అడిగే కుటుంబాలు చాలా ఉన్నాయి. నేసింది చెయ్యా మరమగ్గమా, నేసినవాడికి ఇందులో కూలి ఎంత వెళ్ళింది అని అడిగేవి తక్కువ. ఆ రెండు ప్రశ్నలూ దుకాణంలో గట్టిగా వినిపిస్తే, గుంతలో కూర్చునే నేతగాడి పక్కన అతని కొడుకు కూర్చోవాలా వద్దా అన్నది ఆ ఇంటివాళ్ళే, అప్పు ఒత్తిడి లేకుండా, తేల్చుకోగలుగుతారు.