వకాల్తా యెవరిచ్చారు?

న్యాయశాస్త్రం చదువుతున్న నా పాత శిష్యుడొకడు, తనూ తోటి విద్యార్థులూ కలిసి నడుపుతున్న పత్రిక తెచ్చి నా చేతికిచ్చాడు. కౌలురైతులు, విచారణ ఖైదీలు, పారిశుద్ధ్య కార్మికులు - వ్యాసాలన్నీ ప్రజాసమస్యల మీదనే, అన్నీ ఇంగ్లీషులోనే. చదివి మెచ్చుకున్నాను. ఆపైన వొక ప్రశ్న వేశాను: "కోర్టులో వకీలుకు కక్షిదారు సంతకమో, వేలిముద్రో పడిన వకాల్తానామా వుంటుంది. మీకు వకాల్తా యెవరిచ్చారయ్యా?" అతను మాట్లాడలేదు. ఆ ప్రశ్న తిరిగి నన్నే పట్టుకున్నది.

విద్యార్థుల పత్రికే కదా అని తీసిపారెయ్యటానికి లేదు. 1887లో హార్వర్డు విద్యార్థులు స్థాపించిన న్యాయపత్రికలో, 1890లో వారెన్, బ్రాండైస్ అనే యిద్దరు బోస్టన్ వకీళ్ళు గోప్యత హక్కును గురించి వ్రాశారు. సంసారాల గుట్టును వార్తాపత్రికలు బజారుకెక్కిస్తున్నాయని వారి ఫిర్యాదు. కలవారి బాధే అనుకుందాం. ఆ వ్యాసం, ఆధార్‌ను ప్రశ్నించిన వ్యాజ్యంలో, 2017లో మన సుప్రీంకోర్టు చర్చకు వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిదిమంది న్యాయమూర్తులూ యేకగ్రీవంగా తీర్పు చెప్పారు. ఆలోచన తాను పుట్టిన గడపలోనే ఆగిపోదు.

అడగనిదే యెవరి తరఫునా పలకరాదందామా? 1979లో బీహారు జైళ్ళ స్థితి బయటపడింది. మోపిన నేరానికి పడగల గరిష్ఠ శిక్షకన్నా యెక్కువకాలం, విచారణ లేకుండానే మగ్గిన ఖైదీలున్నారు. ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన వ్యాసాల ఆధారంగా న్యాయవాది పుష్పా కపిలా హింగోరాణీ సుప్రీంకోర్టుకెక్కారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. సత్వర విచారణ 21వ అధికరణంలోని హక్కేనని కోర్టు తేల్చింది. గోడల వెనక వున్నవాడు వకాల్తా యివ్వలేడు గనుకనే, అడక్కుండా పలకటం వొక్కొక్కప్పుడు ధర్మమవుతుంది.

కాని ఆ ధర్మం వెంట వొక అప్పు కూడా వున్నది. కక్షిదారు తనకు నచ్చని వకీలును మార్చుకోగలడు. వ్యాసంలో ఉదాహరణగా మారిన కౌలురైతు వ్యాసకర్తను మార్చుకోలేడు. తన గురించి యేం వ్రాశారో కూడా తెలుసుకోలేడు. హైకోర్టులో ఇంగ్లీషు వుండాలని రాజ్యాంగం 348వ అధికరణం అంటుంది. పత్రికకు ఆ నిర్బంధం లేదే! వ్యాసం అచ్చుకు పోకముందే అతని భాషలో అతనికి వినిపించాలి. కాదన్న చోట ఆ కాదన్న మాటనూ అచ్చువెయ్యాలి. అంతమాత్రం చెయ్యని పత్రిక వల్ల వ్యాసకర్త ఉద్యోగానికి మేలు కలగవచ్చు. అది ప్రజాశ్రేయస్సు మాత్రం కాదు.

కుర్రవాణ్ణి నిలదీసి నేను తప్పించుకోలేను. కూలీల పేరిట నేనూ చాలా వ్యాసాలు వ్రాశాను. వాటిలో వొక్కటైనా వారికి చదివి వినిపించలేదు. ఈ వ్యాసంతోనే ఆ పని మొదలుపెట్టాలి.