ఇంటికప్పు కనిపించనంత దూరం

తెలుగునేలపై వేదాధ్యయనపరులలో ఎక్కువమంది అనుసరించే తైత్తిరీయ శాఖకు చెందిన ఆరణ్యకం, బ్రహ్మయజ్ఞాన్ని, అంటే ప్రతిదినం తన వేదభాగాన్ని తానే వల్లించుకొనే విధిని వివరిస్తూ, ఆచరించేవాడు ఊరి నుంచి తూర్పుకో ఉత్తరానికో ఈశాన్యానికో, ఇళ్లకప్పులు కనిపించనంత దూరం వెళ్లాలని నిర్దేశిస్తుంది. అక్కడ ఎన్ని చెట్లుండాలో, ఎన్ని క్రోసులు నడవాలో చెప్పకుండా, ఊరి ఇళ్లు తన కంటికి కనుమరుగు కావడాన్నే కొలతగా పెట్టడం ఎంతో ఆలోచించి చేసిన నిర్ణయంగా తోస్తుంది.

ఈ కొలతతో చూస్తే హైదరాబాదు జూబ్లీహిల్స్‌లోని కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం అరణ్యమవుతుందా అన్నది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. నిజాం వంశీయుడైన ముకరంజాకు చెందిన చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న ఈ అడవి, సుమారు 390 ఎకరాల మేర, 1998లో జాతీయ ఉద్యానమైంది. లోపల బండరాళ్ల మధ్య పొదల అడవి, కాలిబాటలు, నెమళ్లు ఉన్నా, ఎత్తయిన చోట నిలిచినవారికి నలుదిక్కులా భవనాలే కనిపిస్తాయి.

నిరుక్తకారుడైన యాస్కుడు అరణ్యపదానికి రెండు వ్యుత్పత్తులు, అంటే పదం పుట్టిన తీరుకు రెండు వివరణలు, ఇచ్చాడు: ఊరి నుంచి తొలగిపోయినది అని ఒకటి, మనసుకు రమణీయం కానిది అని మరొకటి. ఆహ్లాదం కోసమే వనానికి వెళ్లే నేటి నగరవాసికి రెండోది వింతగా ఉంటుంది గాని, ఋగ్వేదం పదో మండలంలోని అరణ్యానీ సూక్తం అడవితల్లిని స్తుతిస్తూనే, సాయంవేళ అక్కడ వినవచ్చే అంతుపట్టని సవ్వడులను దాచకుండా చెప్పింది.

మొదటి వ్యుత్పత్తిలోని దూరాన్ని నేలమీద కొలిస్తే ఈ ఉద్యానం నిలవదు. అయితే అశ్వమేధవిధిలో మరో రకం దూరం కనిపిస్తుంది. అక్కడ పశువులను గ్రామ్యాలు, ఆరణ్యాలు అని విభజించి, పర్యగ్నికరణం, అంటే వాటి చుట్టూ నిప్పును తిప్పే క్రియ, ముగిశాక గ్రామ్యాలను ఆహుతికి ఉంచి, ఆరణ్యాలను వదిలిపెడతారు. మనిషి పెంచినది మనిషి ఇవ్వగలడు. పెంచనిదాన్ని సమర్పించే అధికారం యజ్ఞం చేసే యజమానికి, అతడు చక్రవర్తి అయినా, లేదని ఈ విడుదలను అర్థం చేసుకోవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కూడా జాతీయ ఉద్యానంలోకి పెంపుడు పశువులను మేతకు రానివ్వకుండా, తెలియకుండానే ఆ పాత విభజననే పాటిస్తోంది. ఒకనాటి రాజకుటుంబపు ఆవరణ నేడు నెమలికీ పాముకీ నెలవుగా ఉండడంలో అరణ్యత్వం ఉంది. కంచె చిన్నదైనా, దాని లోపల మనిషి సొంతమనే మాట సాగదు.

బ్రహ్మయజ్ఞవిధిని చెప్పిన ఆ ఆరణ్యకమే, వెంటనే తరువాతి అనువాకంలో, ఊరిలో ఉన్నవాడు మనసులోనే స్వాధ్యాయం, అంటే ఆ వేదపఠనం, చేసుకోవచ్చునని, అది పగలైనా రాత్రైనా సరేనని అనుమతించింది. ఉద్యానంలో నడిచేవాడు ఈ రెండు విధుల నడుమ ఉంటాడు: గట్టు ఎక్కితే కప్పులు కనిపిస్తాయి గనుక మనసుతో చేయవలసిన పని మిగిలి ఉంటుంది, బాట రెండు బండల మధ్యకు దిగినచోట, పది అడుగుల మేరకైనా, ఊరు కనుమరుగవుతుంది.